గ్యారేజీలో వడ్రంగం: గోడలకు రాతి ఉన్ని, ప్లైవుడ్, జిప్సం

మిషిగన్‌లో డెట్రాయిట్ శివారున ఉన్న మా ఇంటి గ్యారేజీలో నేను ఆరేళ్లుగా తీరిక వేళల్లో వడ్రంగం చేస్తున్నాను. కిందటి ఫిబ్రవరిలో ఒక పూజామందిరానికి కాళ్లు అతికించగా, వారం తిరగకముందే రెండు అతుకులు చేత్తో లాగగానే ఊడి వచ్చాయి. ఊడిన చోట జిగురు సుద్దపొడిలా తెల్లగా ఉంది. 55 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 13 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్న చోట ఆ జిగురు వాడవద్దని సీసా మీద రాసే ఉంది. ఆ రోజు గ్యారేజీలో 4 డిగ్రీలే. అప్పటికే చిత్రికల ఇనుము మీద తుప్పు చుక్కలు కనిపించడం మొదలైంది. ఈ చలికాలం వచ్చేలోగా గోడలు పూర్తి చేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

గ్యారేజీ 22 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. కప్పుకు జిప్సం పలకలు, వాటి పైన సెల్యులోజ్ (కాగితపు పీచు) ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే పొర, ముందే ఉన్నాయి. మిగిలినవి నాలుగు వైపులు: ఇంటికి ఆనుకున్న గోడ, వెనుక గోడ, పక్క గోడ, కారు లోపలికి వచ్చే పెద్ద తలుపు ఉన్న ముందు వైపు. మన ఊళ్లలో ఇటుక గోడల మధ్య పెరిగిన వారికి ఇక్కడి గోడ మొదట వింతగానే ఉంటుంది. 16 అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టిన స్టడ్ కర్రలు, వాటి వెనుక పలుచని చెక్క పలక, దాని మీద బయటి తొడుగు, అంతే. స్టడ్ లోతు మూడున్నర అంగుళాలు. ఇన్సులేషన్ ఏదైనా ఆ మూడున్నర అంగుళాల్లోనే ఇమడాలి.

సెప్టెంబరు: తడి

పలకలు కొనక ముందు నేను చేసిన అన్నిటికన్నా మంచి పని తేమ మీటరుతో ప్రతి స్టడ్ అడుగునా కొలవడం. అన్ని చోట్లా 12 నుంచి 14 శాతం చూపిన మీటరు, వెనుక గోడ ఉత్తరపు మూలలో మాత్రం 23 చూపింది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజుకూ కుళ్లుకూ దారి దొరికినట్టే. కారణం వెతికితే బయట చూరు నుంచి దిగే వాననీటి గొట్టం సరిగ్గా ఆ మూల పునాది పక్కనే నీళ్లు వదులుతోంది. గొట్టాన్ని ఆరు అడుగుల దూరం పొడిగించి, అక్కడి మట్టిని గోడ నుంచి బయటికి వాలుగా సర్దాను. మీటరు 15కు దిగడానికి నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాలూ ఆగకుండా గోడ మూసివేసి ఉంటే ఆ తడి నాకు మళ్లీ కనిపించేది చెక్క మెత్తబడిన తర్వాతే.

ఈలోగా నగర కార్యాలయం నుంచి అనుమతి తీసుకుని, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కొత్త వైర్లు వేయించాను. ప్లగ్ పాయింట్లను నేల నుంచి 50 అంగుళాల ఎత్తున పెట్టించడం బాగా కలిసివచ్చింది, ఎందుకంటే నాలుగు అడుగుల పలకను గోడకు అడ్డంగా ఆనించినా ప్లగ్గు కనిపిస్తూనే ఉంటుంది. గోడ మూయక ముందే తనిఖీ అధికారి వచ్చి వైర్లు చూసి సంతకం చేయాలి. ఆ వరుస తప్పితే వేసిన పలకలు విప్పి చూపవలసి వస్తుంది.

అక్టోబరు: లోపల ఏది నింపాలి

ఇన్సులేషన్ శక్తిని ఇక్కడ ఆర్ అంకెతో చెబుతారు. అంకె పెద్దదైన కొద్దీ వేడి అంత నెమ్మదిగా దాటుతుంది. మూడున్నర అంగుళాల మామూలు ఫైబర్‌గ్లాస్ ఆర్-13, అదే మందంలో రాతి ఉన్ని ఆర్-15. దుకాణంలో నిలబడి ఈ రెండు అంకెల మధ్య చాలాసేపు ఊగిసలాడాను. ఇంటికి వచ్చి లెక్క వేస్తే సంగతి వేరుగా తేలింది. గోడలో నాలుగో వంతు దాకా ఉన్నది కర్రే: స్టడ్లు, అడుగు కర్ర, పై కర్రలు, కిటికీ చుట్టూ చట్రం. మూడున్నర అంగుళాల కర్ర నిరోధం ఆర్ 4.4 మాత్రమే. రెండిటినీ కలిపి లెక్కిస్తే ఆర్-13 నింపిన గోడ 8.7 దగ్గర, ఆర్-15 నింపిన గోడ 9.4 దగ్గర ఆగుతాయి. కట్ట మీది రెండు అంకెల తేడా గోడలో ఒకటికి కూడా రావడం లేదు. అందువల్ల అంకెను పక్కన పెట్టి, వడ్రంగం గదికి ఏది తగునో ఆలోచించాను.

రాతి ఉన్నినే ఎంచుకున్నాను. అది కరిగించిన రాయి నుంచి తీసిన పీచు; మండదు. గ్రైండరు నుంచి నిప్పురవ్వలు, మూలమూలనా రంపపు పొట్టు ఉండే గదిలో ఆ గుణానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. నీరు పడినా పీల్చుకోక జారవిడుస్తుంది, బరువెక్కి కిందికి కుంగదు. రంపపు యంత్రం చప్పుడు పొరుగింటికి కొంత తక్కువగా చేరుతుంది. ఖరీదు ఫైబర్‌గ్లాస్ కన్నా ఎక్కువే, దాన్ని దాచవలసిన పని లేదు. బిగువైన నురుగు పలకలను కూడా పరిశీలించాను. అంగుళానికి ఆర్-5 ఇస్తాయి, కానీ గోడకు వేస్తే వాటిని తెరిచి వదలకూడదు. మంట తగిలితే వేగంగా అంటుకుంటాయి కాబట్టి పైన అర అంగుళం జిప్సం వంటి రక్షణ పొర తప్పనిసరి. వెనుక గోడకు జిప్సం వద్దనుకున్న నాకు అవి కుదరలేదు.

కిటికీ, పక్క తలుపు పోగా వెనుక గోడ, పక్క గోడ రెండూ కలిపి సుమారు 300 చదరపు అడుగులు. ఒక కట్టలో 12 పలకలు, దాదాపు 60 చదరపు అడుగులకు సరిపోతాయి. ఆరు కట్టలు తెచ్చాను, ఐదున్నర ఖర్చయ్యాయి. నింపే ముందు బయటి పలకల అతుకులు, అడుగు కర్రకూ కాంక్రీటుకూ మధ్య సందు, వైర్ల రంధ్రాలు అన్నిటినీ డబ్బా నురుగుతో, సీలెంటుతో మూశాను. ఇది ఒక శనివారం మొత్తం తీసుకుంది. గాలి దూరే సందు ఉంటే ఎంత మంచి ఉన్ని అయినా, ఈదురుగాలిని ఆపలేని స్వెట్టరు లాంటిదే.

రొట్టెలు కోసే పళ్ల కత్తితో రాతి ఉన్ని చక్కగా తెగుతుంది. మొదటి మూడు ముక్కలు సరిగ్గా సందు కొలతకే కోసి తప్పు చేశాను. అంచుల్లో వేలు దూరేంత ఖాళీ మిగిలింది. ఆ తర్వాత ప్రతి ముక్కనూ అర అంగుళం ఎక్కువగా కోసి, నొక్కి నింపాను. ప్లగ్ పెట్టెల వెనుక ఉన్నిని అదమకుండా పెట్టె ఆకారంలో గాడి కోశాను. చేతులకు తొడుగులు, ముక్కుకు మంచి మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయవద్దు.

రాతి ఉన్నికి ఫైబర్‌గ్లాస్ కట్టలకున్నట్టు కాగితపు ముఖం ఉండదు. మా ప్రాంతం ఇక్కడి నిర్మాణ నిబంధనల లెక్కలో ఐదో వాతావరణ మండలంలో, అంటే చలి ప్రాంతంలో ఉంది కనుక లోపలి వైపు ఆవిరిని ఆపే పొర కావాలి. కారు మీద కరిగే మంచు, మనిషి ఊపిరి, ఇవన్నీ ఆవిరై గోడలోకి వెళ్లి చల్లని బయటి పలక దగ్గర నీటి చుక్కలుగా మారుతాయి. మామూలు ప్లాస్టిక్ పట్టా చవకే, కానీ ఒకసారి లోపలికి చేరిన తడిని అది బయటికి రానివ్వదు. ఉత్తరపు మూలలో చూసింది మరిచిపోలేక, తేమ పెరిగినప్పుడు తానే ఆవిరికి దారి ఇచ్చే పాలీఅమైడ్ పొరను వేశాను.

నవంబరు: పైన ఏ పలక

ఇంటికి ఆనుకున్న గోడ విషయంలో ఎంచుకోవడానికి ఏమీ లేదు. ఆ గోడకు గ్యారేజీ వైపు కనీసం అర అంగుళం జిప్సం ఉండాలని నిబంధన. గ్యారేజీ పైన గదులుంటే కప్పుకు 5/8 అంగుళాల టైప్ ఎక్స్ (మంటను మరింత సేపు తట్టుకునే రకం) జిప్సం వేయాలి. జిప్సం బరువులో ఐదో వంతు నీరు స్ఫటికంలో బంధించి ఉంటుంది, మంట తగిలినప్పుడు ఆ నీరంతా ఆవిరయ్యే దాకా గోడ వెనుక వేడి పెద్దగా పెరగదు. ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నప్పుడు గ్యారేజీలో కారు అంటుకుంటే ఆ కొద్ది నిమిషాలే ప్రాణాలు నిలుపుతాయి. పాత యజమాని ఎవరో గొట్టం కోసం కోసి వదిలిన రెండు రంధ్రాలు ఆ గోడలో ఉన్నాయి. వాటిని జిప్సం ముక్కలతో మూసి, టేపు, పుట్టీ పెట్టి, గోడ మొత్తం మీద మరో పొర 5/8 అంగుళాల టైప్ ఎక్స్ బిగించాను. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న ఒక్కో పలక 32 కిలోల దాకా తూగుతుంది. మా తమ్ముడు సాయం పట్టకపోతే ఒక్కడి వల్ల అయ్యేది కాదు.

వెనుక గోడ నా పనిముట్లది. క్లాంపులు, ఉలులు, రంపాలు ఎక్కడ కావాలంటే అక్కడ మర బిగించి తగిలించాలి. జిప్సంలో స్టడ్ లేని చోట మర నిలవదు. ఓఎస్‌బీ, అంటే చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన పలక, చవక, మరను బాగానే పట్టుకుంటుంది, కానీ అంచులు తడిస్తే ఉబ్బి మళ్లీ మామూలు కావు. అందుకని అర అంగుళం ప్లైవుడ్ కొని, కింది అంచులకు రెండు పూతలు ప్రైమరు వేసి, కాంక్రీటు గట్టుకు అర అంగుళం ఎత్తున బిగించాను. మేకులు వాడలేదు, అన్నీ మరలే, రేపు వైరు మార్చాలన్నా పలక విప్పవచ్చు. తెల్ల రంగు వేశాక అవే దీపాలు రెట్టింపు వెలిగినట్టు అనిపించింది, గీత గీసే పనికి ఇది చిన్న లాభం కాదు.

పక్క గోడకు కింద నాలుగు అడుగులు ప్లైవుడ్, పైన జిప్సం. కారు తలుపు తగిలేదీ పార ఆనించేదీ కిందనే.

ముందు వైపు పెద్ద తలుపు రేకుకు వెనుక పాలీస్టైరీన్ నురుగు పలకలు అమర్చి, అడుగున కొత్త రబ్బరు పట్టీ వేశాను. తలుపు బరువు పెరిగితే స్ప్రింగుల బిగువు మార్చాలి. అది ప్రమాదకరమైన పని కనుక తెలిసిన మెకానిక్‌నే పిలిచాను.

జనవరి: కొలతలు

బయట మైనస్ 9 ఉన్న ఉదయం, హీటరు లేకుండా గ్యారేజీలో 3 డిగ్రీలు ఉంది. కిందటి ఏడాది అలాంటి చలిలో మైనస్ 3 రాసుకున్నాను. 5 కిలోవాట్ల హీటరు వేస్తే రెండు గంటల లోపే 14కు చేరింది. పూజామందిరం కాళ్లను గీకి శుభ్రం చేసి, చెక్కనూ జిగురునూ ముందు రాత్రి ఇంట్లో ఉంచి, మళ్లీ అతికించాను. క్లాంపులు విప్పి పది రోజులైంది, అతుకు గట్టిగా ఉంది.

మార్చిలో మంచు కరిగే సమయానికి ఉత్తరపు మూలలో కింది పలక మరలు విప్పి, పొర కొద్దిగా తొలగించి, అదే స్టడ్ అడుగున మళ్లీ మీటరు పెడతాను. 15 దాటకపోతే పొరకు టేపు వేసి పలక తిరిగి బిగిస్తాను. దాటితే బయటి మట్టి వాలు దగ్గరే మళ్లీ పని మొదలవుతుంది.