డంప్ కేకు, ఐదో ప్రయత్నం: ఆ తెల్ల పిండి ఎక్కడినుంచి వస్తోందో దొరికింది

శనివారం రాత్రి పదింబావు. ఐదో కేకు ఇప్పుడే ఓటీజీలోంచి (బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) బయటికి వచ్చింది. పైన ఒకే ఒక్క తెల్ల మచ్చ, ఎడమ మూలన, రెండు సెంటీమీటర్లు. మొదటిసారి ఏడు మచ్చలు! నిద్ర పట్టేలా లేదు, అందుకే రాసేస్తున్నా.

ముందునుంచీ చూస్తున్నవాళ్లకు తెలుసు, ఇదంతా డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురి వల్ల మొదలైంది. "అక్కా, కలిపే పని లేదు, గుడ్డు పగలగొట్టే పని లేదు, డబ్బాలు తెరిచి కుమ్మరించడమే" అని వాట్సాప్‌లో పంపింది. అడుగున పండు, పైన పొడి కేక్ మిక్స్, ఆ పైన బటర్ ముక్కలు, అంతే. గుడ్డు లేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పెరటాసి నెల (తమిళ లెక్కలో వెంకన్నకు మొక్కే నెల) నడుస్తోంది, ఈ నెలంతా మా ఇంట్లో గుడ్డు గడప దాటదు, తిరుపతిలో చాలా ఇళ్ల సంగతి అదే. మావాడేమో ప్రతి శనివారం కేకు అంటాడు. అలా కుదిరింది.

అత్తమ్మకు పేరు దగ్గరే అభ్యంతరం. "డంపు కేకా? చెత్త బండ్లు పొయ్యే డంపింగ్ యార్డు కదా అది!" అంది. పేరు మార్చలేదు గానీ, మొదటి కేకు చూశాక ఆమె మాటే నిజమేమో అనిపించింది.

కొలతలకొస్తా. చెల్లెలి రెసిపీలో ఉన్నది ఇది: 13×9 అంగుళాల పళ్లెం, రసంతో సహా ఒక డబ్బా అనాస తరుగు (20 ఔన్సులు), ఒక డబ్బా చెర్రీ ఫిల్లింగ్ (21 ఔన్సులు), ఒక పెట్టె ఎల్లో కేక్ మిక్స్, ఒక స్టిక్ బటర్, 350 ఫారెన్‌హీట్, ముప్పావు గంట నుంచి గంట. మన లెక్కలో 177 డిగ్రీలు, బటర్ 113 గ్రాములు. చెర్రీ ఫిల్లింగ్ కోసం ఇక్కడ తిరగడం దండగ. చిత్తూరు గాలి పీల్చి పెరిగినదాన్ని, నాకు మామిడి గుజ్జు ఉండగా చెర్రీ ఎందుకు? తోతాపురి గుజ్జు 850 గ్రాముల టిన్ను తెచ్చుకున్నా. అల్ఫాన్సో టిన్నులకు వాసన ఎక్కువేగానీ, ఇలాంటి తీపి కేకులో ఆ కాస్త పులుపున్న తోతాపురే నయం. ఇది పక్షపాతమని తెలుసు. మా మేనమామ తోట బంగారుపాళ్యం దగ్గర. 2025లో కిలో తోతాపురికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామన్నప్పుడు, ఆ 12 కోసం ట్రాక్టర్లు ఎంతసేపు నిలబడ్డాయో ఆయన్ని అడగాలి. అందుకే మా ఇంట్లో టిన్నులో ఒక్క చెంచా కూడా పారేయం, నీళ్లు పోసి కడిగి తాగుతాం.

మొదటి మూడు ప్రయత్నాలూ ఒకే కేకు టిన్నులో: 8 అంగుళాల గుండ్రటి అల్యూమినియం, లోపలి వ్యాసం 20 సెంటీమీటర్లు. 450 గ్రాముల గుజ్జు, 300 గ్రాముల ఎగ్‌లెస్ వెనీలా మిక్స్, 100 గ్రాముల అమూల్ బటర్. ఉప్పులేని బటర్ కొనమని చాలామంది చెప్తారు, నేను వినను. తీపి గుజ్జు మీద ఆ ఉప్పే రుచి.

ఒకటో కేకు. బటర్ 3 మిల్లీమీటర్ల ముక్కలు, మొత్తం 22. 45 నిమిషాలు. అంచు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు బ్రహ్మాండంగా ఉడికింది, మధ్యలో ఏడు తెల్ల మచ్చలు. పెద్దది దాదాపు ఐదు సెంటీమీటర్లు. చాకు కొనతో గుచ్చి చూస్తే 4 మిల్లీమీటర్ల మందాన పచ్చిపిండి. ముగ్గుపిండి మాదిరి, ఊదితే లేస్తోంది.

అందరూ చెప్పినట్టే నేనూ బటర్ చాల్లేదనుకున్నా. ఎక్కడ చదివినా అదే మాట: ముక్కలు దగ్గర దగ్గరగా పెట్టు, ఖాళీ వదలొద్దు.

రెండో కేకు. బటర్ కరిగించి పోశా. ఇంకా ఘోరం. కరిగిన బటర్ సమంగా పరుచుకోదు, పల్లం వెతుక్కుంటుంది. పిండిలో చిన్న గుంట ఎక్కడుంటే అక్కడ చెరువు కట్టింది, మిగతా చోట ఎండిన నేల. చెరువున్న చోట ముక్క నోట్లో పెట్టుకుంటే నూనెలో ముంచిన రస్కు.

మూడోది నన్ను మోసం చేసిన కేకు. బటర్ రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి క్యారెట్ తురుమినట్టు తురిమా, పిండి ఒక్క చోట కూడా కనపడకుండా కప్పేశా. బయటికి తీసినప్పుడు పైభాగం బంగారు రంగు, పగుళ్లు, కరకర. ఫోటో తీసి డాలస్‌కు కూడా పంపేశా. పావుగంటకు అత్తమ్మ గరిటె దింపింది.

"ఏందిమే ఇది? పైన ఎర్రగా కాలింది, లోన సున్నం మాదిరి ఉండాది."

నిజమే. పైన 3 మిల్లీమీటర్ల క్రస్టు, దాని కింద 5 మిల్లీమీటర్ల పొడిపిండి, దాని కింద గుజ్జు. సాండ్‌విచ్! ఆ పొడిపిండి గీకి తూకం వేశా: 61 గ్రాములు. వేసిన 300లో ఐదో వంతు అసలు తడే తగల్లేదు.

ఆ రోజు కోపంగా కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నా. ముందు చేయాల్సిన లెక్క అప్పుడు చేశా. చెల్లెలి పళ్లెం 33×23 సెంటీమీటర్లు, అంటే 759 చదరపు సెంటీమీటర్లు. ఆమె మిక్స్ పెట్టె 15.25 ఔన్సులు, 432 గ్రాములు. చదరపు సెంటీమీటరుకు 0.57 గ్రాముల పిండి. నా గుండ్రటి టిన్ను 314 చదరపు సెంటీమీటర్లు, పిండి 300 గ్రాములు, చదరపు సెంటీమీటరుకు 0.96. ఆమె పరిచినదానికి ఒకటిన్నర రెట్ల పైనే మందం! (అక్కడ పాత రెసిపీలన్నీ 18.25 ఔన్సుల పెట్టెకు రాసినవి, తర్వాత పెట్టె చిన్నదైంది. ఆ పెద్ద పెట్టెతో లెక్కేసినా 0.68 దాటదు.) ఇక బటర్ చూడండి: ఆమెది గ్రాము పిండికి 0.26 గ్రాములు, నాది 0.33. నాకే ఎక్కువ. అంటే మూడు వారాలు బటర్‌ను తిట్టుకున్నది అన్యాయం.

బటర్‌లో నీళ్లు ఎంతుంటాయి? ఇంచుమించు ఆరో వంతు, మిగతాది దాదాపు అంతా కొవ్వే. కొవ్వుతో పిండి వేగుతుంది గానీ ఉడకదు. ఉడకాలంటే నీళ్లు కావాలి, ఆ నీళ్లు కిందినుంచే రావాలి. అనాస డబ్బాలో రసం పలచగా ఉంటుంది కాబట్టి తెర్లుతుంది, అంచుల దగ్గర పైకి పొంగి పిండిలోకి ఎక్కుతుంది. నా గుజ్జు తెర్లడం లేదు. చిక్కటి సంగటి పొయ్యిమీద ఎప్పుడైనా తెర్లిందా? బుడగ లేస్తే టప్పుమని చిందుతుంది, అంతే.

ఇంకో అనుమానం కూడా ఉండింది. టిన్ను తెరిచాక మిగిలిన గుజ్జు స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంటుంది, రెండో కేకుకూ మూడో కేకుకూ అక్కడినుంచి తీసి నేరుగా పోశా. అంత చల్లటి ముద్ద వేడెక్కేలోపే పైన కేకు అయిపోతోందేమో? పైగా నా ఓటీజీ (కంపెనీ పేరెందుకులే) 175 మీద పెడితే లోపల థర్మామీటరు 160 చూపిస్తోంది. ఇప్పుడు 190 మీద పెడుతున్నా.

అనుమానాలు మూడైనప్పుడు కేకు మొత్తం తగలేయడం ఎందుకని నాలుగో ప్రయత్నం స్టీలు గిన్నెల్లో చేశా. పాయసం తాగే గిన్నెలు, వ్యాసం 8 సెంటీమీటర్లు, ఒక్కోటి 50 చదరపు సెంటీమీటర్లు. నాలుగూ ఒకే ట్రేలో, 45 నిమిషాలు. బటర్ అన్నిట్లో పిండిలో మూడో వంతు, ముక్కలుగానే.

మొదటి గిన్నె: ఫ్రిజ్ గుజ్జు 72 గ్రాములు, పిండి 48. చివర్లో గుజ్జు మధ్యలో గుచ్చి చూస్తే 81 డిగ్రీలు. గీకిన పొడిపిండి 14 గ్రాములు.

రెండో గిన్నె: అదే కొలత, గుజ్జు బయటి వేడికి వచ్చాక పోసినది. పొడిపిండి 11 గ్రాములు. ఫ్రిజ్ మీద నా అనుమానం ఉత్తుత్తిదే అనలేను గానీ, అసలు దొంగ మాత్రం కాదు.

మూడో గిన్నె: గుజ్జు 54, నీళ్లు 18 కలిపి పొయ్యిమీద బుడగలు వచ్చేదాకా కాచి పోసినది. పిండి 48. అంచుల్లోంచి పసుపు రసం పైకి తన్నుకొచ్చింది, అద్దంలోంచి కళ్లారా చూశా. లోపల 97 డిగ్రీలు, పొడిపిండి 5 గ్రాములు.

నాలుగో గిన్నె: మూడోదానిలాగే, పిండి మాత్రం 30 గ్రాములు. గీకడానికి ఏమీ రాలేదు. చెంచా దింపితే పైన కరకర, కింద మెత్తగా, మధ్యలో రెండూ కలిసిన చోట కొంచెం సాగే జిగురు. ఇదన్నమాట అసలు డంప్ కేకు!

పొయ్యి దగ్గరే నిలబడి ఆ గిన్నె ఖాళీ చేశా, ఎవరికీ పెట్టలేదు.

సరే, ఈ రోజు ఐదోది. గుండ్రటి టిన్ను అటకెక్కింది. బోరోసిల్ గాజు డిష్ తీశా, లోపల కొలిస్తే 28×18, అంటే 504 చదరపు సెంటీమీటర్లు, 300 గ్రాముల పిండి పరిస్తే చదరపు సెంటీమీటరుకు 0.6 గ్రాములు. గుజ్జు 450, నీళ్లు 150, డబ్బా అనాస ముక్కలు 200, ఒక నిమ్మకాయ రసం. అంతా కాచి వేడివేడిగా పోశా. పిండిని చేత్తో చల్లలేదు, జల్లెడతో చల్లా, దాంతో గుట్టలూ గుంటలూ లేవు. బటర్ 100 గ్రాములు, ముక్కలే. తురమడం, కరిగించడం అన్నీ మానేశా. 30 నిమిషాలకు తలుపు తీసి, అంచుల్లో తెర్లుతున్న రసం చెంచాతో తీసి, మధ్యలో తెల్లగా కనిపిస్తున్న నాలుగు చోట్ల పోశా. ఇది చెల్లెలి రెసిపీలో లేదు. అట్టు కాలుతుంటే అంచుల్లో నూనె వేస్తాం కదా, దానికి తిరగేసిన పని. మొత్తం 55 నిమిషాలు.

బాగుంది. మావాడు మూడు గరిటెలు, అత్తమ్మ రెండు.

ఆ ఒక్క మచ్చ సంగతి. ఎడమ మూలన ఉంది. ట్రే లోపలికి తోసేటప్పుడు డిష్ కాస్త వంగింది, ఒక బటర్ ముక్క కుడివైపుకు జారడం చూశా, చెయ్యి కాలుతుందని సర్దలేదు. లేదా నా ఓటీజీలో ఎడమవైపు వేడి తక్కువా? బిస్కెట్లు చేసినప్పుడు కూడా ఎడమవైపువి పాలిపోయి వస్తాయి. రెండూ కారణం కావచ్చు. వచ్చేసారి 30 నిమిషాలప్పుడు డిష్‌ను అటుదిటు తిప్పి చూస్తా. కారణం ఓటీజీయే అయితే మచ్చ కుడివైపుకు రాకూడదు, అసలు పోవాలి. రెండు చోట్లా కొంచెం కొంచెం తెల్లగా వస్తే మళ్లీ కాగితం, పెన్ను.

మిక్సుల గురించి ఒక మాట. బేకరీ సామాన్ల అంగడిలో కిలోల లెక్కన అమ్మే విడి ప్రీమిక్స్ చవకేగానీ, అందులో చక్కెర పలుకులు పెద్దవి, పైన కాలి నల్ల చుక్కలు పడుతున్నాయి. పెట్టెల్లో వచ్చే మిక్స్ మెత్తగా ఉంటుంది. మైదా, చక్కెర పొడి, బేకింగ్ పౌడర్, పాలపొడి కలిపి ఇంట్లోనే చేసుకుంటే ఎట్లుంటుందో చూడాలని ఉంది. అందులో రెండు చెంచాలు వైక్‌ఫీల్డ్ కస్టర్డ్ పొడి వేస్తే ఆ పసుపు రంగు, వెనీలా వాసన రెండూ వస్తాయని నా అంచనా.

పండ్ల సంగతి. ఇది సీతాఫలం కాలం, రోడ్డు పక్కన బుట్టలు బుట్టలు. మా ఆయన అదే వెయ్యమంటాడు. సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది, ఒకసారి పాయసంలో వేసి మొత్తం పారబోశా, కాబట్టి కుదరదు. మదనపల్లె టమాటా ధర పడిపోయినప్పుడు టమాటా డంప్ కేకు చెయ్యమని మా ఆడబిడ్డ ఎగతాళి. నవ్వాను గానీ, రసం పలచగా తెర్లుతుంది, పులుపుంది, బెల్లం వేస్తే... చూద్దాం.

ముందు మాత్రం జామ. వచ్చే శనివారం పెరటాసిలో ఆఖరి శనివారం, అది దాటితే గుడ్డు కేకులు మొదలవుతాయి, దీన్ని ఎవరూ అడగరు. అత్తమ్మ పేరు మీద కోపం మర్చిపోయినట్టుంది, పెరట్లో చెట్టువి అప్పుడే కోసి పళ్లెంలో పెట్టింది. కిలో పైనే ఉన్నాయి. గింజలు తీసి ఉడికించాక ఎంత మిగులుతుందో, దానికి ఎన్ని నీళ్లు పట్టాలో రేపు ఒక గిన్నెలో తేల్చాలి.