దేవదారు పలకలు, అమ్మ శాలువా

మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగాన, ట్రావర్స్ సిటీకి దగ్గరలో, ఒక చిన్న సరస్సు ఒడ్డున మాకు రెండు గదుల చెక్క ఇల్లు ఉంది. మేముండే డెట్రాయిట్ శివారు నుంచి అక్కడికి నాలుగు గంటల ప్రయాణం. మే నెలాఖరున తెరిచి, అక్టోబరులో నీళ్ల గొట్టాలు ఖాళీ చేసి తాళం వేస్తే, మళ్లీ ఏడు నెలల దాకా ఆ ఇంటి ముఖం చూసేవారుండరు.

కొన్న మొదటి ఏడాది దేవదారు చెక్క గోళీలు నాలుగు సంచులు తెచ్చి, సొరుగుల్లోనూ, మంచాల కిందా, వంటగది అరల్లోనూ చల్లి, ఇక పురుగూ పుట్రా, నెమ్మూ దరిచేరవన్న ధీమాతో తలుపు మూశాను. బీరువాలో కలరా ఉండలు వేసి నిశ్చింతగా ఉండే ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. మరుసటి మేలో తలుపు తీయగానే బూజు వాసన గుప్పుమంది. వంటగది సొరుగులో ఎలుకలు పరుపు దూది పీకి గూడు కట్టుకున్నాయి. ఆ గూటి మధ్యలో నేను వేసిన గోళీలు రెండు భద్రంగా ఉన్నాయి. అంతకుముందు వేసవిలో వచ్చినప్పుడు అమ్మ వదిలి వెళ్లిన ఉన్ని శాలువాను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, మడతల వెంట వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించింది.

పక్క ఇంట్లో వడ్రంగం చేసి మానేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన గోళీలను చూసి నవ్వి, దేవదారు పెట్టెను కాపాడుతుంది గాని ఇంటిని కాపాడదని చెప్పారు. తరువాత చదివి తెలుసుకున్నది కూడా అదే. బట్టలను తినేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. దేవదారు నూనె ఆవిరి గాలి ఆడని చోట బాగా చిక్కబడితేనే అప్పుడే పుట్టిన పురుగులు కొన్ని చస్తాయి. గుడ్లకూ, ఎదిగిన పురుగులకూ దానివల్ల పెద్దగా జరిగేదేమీ లేదు. ఇక ఎలుకలు దానిని లెక్కే చేయవు. అన్నట్టు, ఇక్కడ దేవదారు పేరుతో అల్మరాలకు వాడే ఈ ఎర్ర సీడర్ అసలు దేవదారే కాదు, జూనిపర్ జాతి చెట్టు. మన హిమాలయాల దేవదారే నిజమైన సీడర్ జాతిది.

అందుకని ఆ ఏడాది పని నేల నుంచి మొదలుపెట్టాను. ఇంటి కింద మనిషి పాకుతూ వెళ్లేంత ఎత్తున్న ఖాళీలో వట్టి మట్టి ఉండేది. చెమ్మంతా అక్కడి నుంచే పైకి వస్తోందని గ్రహించి, 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ఉన్న పాలిథీన్ పట్టాను గోడ నుంచి గోడకు పరిచి, అతుకులు అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా టేపు వేశాను. రెండు రోజులు మోకాళ్ల మీద చేసిన ఈ పని, సంచులకొద్దీ గోళీలు చేయలేనిది చేసింది. పావు అంగుళం సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది. కనుక గొట్టాలు గోడలోకి వెళ్లే చోటల్లా ఉక్కు పీచు కుక్కి, పైన సీలెంట్ పూశాను.

దేవదారు వంతు ఆ తరువాతే వచ్చింది. పడకగదిలోని చిన్న అల్మరాకు గోడలూ, పైకప్పూ, తలుపు లోపలి వైపూ అన్నీ ఒకదానిలో ఒకటి దిగే సన్నని పలకలతో కప్పాను. పలకలలో ఎర్రని చేవ భాగంలోనే నూనె ఉంటుంది, తెల్లని అంచుల్లో దాదాపు ఉండదు. అందుకే కట్టలు విప్పి ఎర్రగా ఉన్నవాటిని ఏరుకున్నాను. కొసల దగ్గర మేకు దించగానే పలక నిలువునా చీలిపోతుంటే, ముందుగా సన్నని రంధ్రం చేసి దించడం అలవాటు చేసుకున్నాను. వార్నిష్ వేయలేదు, వేస్తే వాసన లోపలే బందీ అవుతుంది. తలుపు అంచుకు రబ్బరు పట్టీ అంటించాను. ఇది లేకపోతే మిగతా శ్రమంతా అలంకారమే.

ఉన్ని బట్టలు లోపల పెట్టే ముందు వాటిని డ్రైక్లీన్ చేయించాను, ఎందుకంటే గుడ్లున్న బట్టను దేవదారు పెట్టెలో పెట్టడమంటే పురుగుకు గది అద్దెకిచ్చినట్టే. శాలువాను మాత్రం సంచిలో కట్టి ఇంటి ఫ్రీజరులో వారం ఉంచాను. పలకల్లోంచి ఊరే జిగురు తగిలితే బట్టకు మరక పడుతుందని విని, ఫోన్లో అమ్మను అడిగితే, పట్టుచీరలను పాత పంచెలో చుట్టి పెట్టేది ఎందుకనుకున్నావురా అంది.

ఈ మేలో అల్మరా తెరిచాను. పంచెలో శాలువా పాత చిల్లులతో అలాగే ఉంది, కొత్తవి లేవు. వాసన మాత్రం పలచబడింది. మాస్కు కట్టుకుని, సన్నని గరుకు కాగితంతో పలకలను రుద్దగానే గది నిండా మళ్లీ లేచింది. ఎలుకలు ఈసారి పడవల షెడ్డులో కాపురం పెట్టాయి.