కొమ్ము పురుగు పనే అనుకున్నాను

మా కోనసీమ తోటలో పన్నెండేళ్ల కొబ్బరి చెట్టొకటి మొవ్వు వాల్చేసేవరకు, కొమ్ము పురుగుకూ ఎర్రముక్కు పురుగుకూ ఉన్న తేడాను నేను పట్టించుకోలేదు. విచ్చుకున్న ఆకులు కత్తెరతో కోసినట్లు కనిపించడంతో, దింపు తీసే అతని చేత మొవ్వులోని కొమ్ము పురుగును ఇనుప కొంకితో లాగించి, మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి పోయించి ఊరుకున్నాను. నేను గుర్తుపట్టింది తప్పు కాదు గాని, అది సగమే.

కొన్ని వారాలకు కాండం మీది చిన్న రంధ్రంలోంచి గోధుమరంగు జిగురు కారసాగింది. చెవి ఆనిస్తే లోపల పరపర నమిలే చప్పుడు వినిపించింది. అప్పటికే ఆలస్యమైంది, చెట్టును కొట్టించక తప్పలేదు.

చీల్చిన కాండంలో దొరికిన పిల్లపురుగులను, మా పెంటకుప్పలో తవ్వి తీసిన వాటిని పాత పేపరు మీద పక్కపక్కన పెట్టి చూశాను. కుప్పలోనిది కొడవలిలా వంగి, తల వెనుక మూడు జతల కాళ్లతో ఉంది; కాండంలోనిదానికి కాళ్లే లేవు, నడుము ఉబ్బి తల గట్టిగా ఉంది. పెద్ద పురుగుల్లో పొరపాటుకు తావే లేదు: ఒకటి నల్లగా, తల మీద కొమ్ముతో ఉంటుంది, రెండోది ఎర్రగా, పొడవాటి ముక్కుతో ఉంటుంది, మగదాని ముక్కు మీద నూగు కూడా కనిపిస్తుంది.

అసలు తేడా బతుకులో ఉంది. కొమ్ము పురుగు పెద్దదయ్యాకే చెట్టెక్కి మొవ్వును తొలుస్తుంది, దాని పిల్లలు పెరిగేది కుళ్లిన ఎరువులో. ఎర్రముక్కు పురుగు పిల్లలు మాత్రం చెట్టు లోపలే తింటూ పెరిగి, పీచుతో గూడు అల్లుకుంటాయి. పైగా అది గుడ్లు పెట్టడానికి వెతికేది చెట్టు గాయాలనే కాబట్టి, కొమ్ము పురుగు చేసిన రంధ్రమే దానికి వాకిలి అవుతుంది. ఇన్నేళ్లూ ఆ కొమ్ము పురుగులను నా పెంటకుప్పలో నేనే పెంచి పోషించానన్నమాట.

ఆ తరువాత కుప్పను తిరగేయించి మెటారైజియం శిలీంధ్రం కలిపించాను. చచ్చిన పిల్లపురుగులు మొదట తెల్లగా, ఆపై ఆకుపచ్చగా బూజు పట్టాయి. పచ్చి మట్ట నరకవలసి వస్తే కాండం నుంచి నాలుగడుగులు వదిలి నరికిస్తున్నాను. వాసన ఎరతో పెద్ద పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కూడా రెండింటికీ వేర్వేరుగానే కట్టాను, ఎందుకంటే ఒకదాని ఎరకు రెండోది రాదు.