కృత్వా, అనుక్రమ్య, అధ్యాపయామాస

స సంహితాం భాగవతీం కృత్వానుక్రమ్య చాత్మజమ్ |
శుకమధ్యాపయామాస నివృత్తినిరతం మునిః ||

భాగవతం ప్రథమ స్కంధం ఏడో అధ్యాయంలోని శ్లోకమిది. వ్యాసుడు భాగవత సంహితను రచించి, దాన్ని మళ్ళీ వరుసగా చూసుకుని, నివృత్తి మార్గంలో, అంటే లోక వ్యవహారాల నుంచి మనసు మరల్చుకుని ఉన్న కొడుకు శుకుడి చేత చదివించాడని అర్థం. కథను ముందుకు నడిపే శ్లోకమే కదా అని పారాయణలో చాలామంది ఆగకుండా దాటిపోతారు. కథలు రాస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ బతికే నాకు మాత్రం రోజూ చదువుకోవలసిన శ్లోకం. రాయడం, దిద్దుకోవడం, చెప్పడం, మూడూ ఒకే మనిషి పనులుగా ఒకే వాక్యంలో ఉన్నాయి. నేను రచయిత్రినా, టీచర్‌నా, ఏదో ఒకటి వదులుకోవాలా అని కొట్టుమిట్టాడిన రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ వాక్యమే.

దీనికి ముందు మూడు అధ్యాయాల కథ ఉంది. ఒకనాడు సూర్యుడు ఉదయించే వేళ వ్యాసుడు సరస్వతీ జలాన్ని స్పృశించి, శుచియై, ఒంటరిగా కూర్చున్నాడు. అప్పటికే వేదాన్ని నాలుగుగా విభజించాడు. ఋగ్వేదం పైలుడికి, యజుర్వేదం వైశంపాయనుడికి, సామవేదం జైమినికి, అథర్వం సుమంతుడికి అప్పగించాడు. వేదం చెవిన పడే వీలు లేనివారి మీద దయతో భారతం చెప్పాడు. రచయితగా, గురువుగా అంతకు మించి సాధించవలసినది ఏముంటుంది? అయినా ఆయన మనసు కుదుటపడలేదు.

అప్పుడు నారదుడు వీణ చేతబట్టుకుని వచ్చాడు. వస్తూనే ఉపదేశం మొదలుపెట్టలేదు, తృప్తిగా ఉన్నావా అని అడిగాడు. వ్యాసుడు దాచుకోకుండా చెప్పాడు: "అస్త్యేవ మే సర్వమిదం త్వయోక్తం, తథాపి నాత్మా పరితుష్యతే మే." మీరన్నవన్నీ ఉన్నాయి, అయినా నా ఆత్మకు తృప్తి లేదు. ఆ "తథాపి" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. రాసిన పుస్తకం చేతికొచ్చిన రోజు, పిల్లలందరూ పరీక్ష నెగ్గిన రోజు, అందరూ అభినందిస్తుండగా లోపల ఒక మూల ఖాళీగా ఉంటుంది. దాన్ని కృతఘ్నత అనుకుని నన్ను నేను తిట్టుకునేదాన్ని. వేదవ్యాసుడికే "తథాపి" ఉందని తెలిశాక తిట్టుకోవడం మానేశాను.

నారదుడు ఆ వెలితికి కారణం చెప్పాడు. ధర్మం మొదలైన పురుషార్థాలను వర్ణించినంతగా వాసుదేవుడి మహిమను వర్ణించలేదని. మనం ఎంత నేర్పుగా రాసినా, మనసు దేనికోసం తపిస్తోందో దాన్ని పక్కన పెట్టి రాస్తే ఆ వెలితి మిగిలిపోతుందని నాకు అర్థమైంది. ఆ తర్వాత నారదుడు చేసిన పని ఉపాధ్యాయులందరం గమనించవలసినది. దాసీపుత్రుడిగా పుట్టి, వానాకాలంలో ఒకచోట నిలిచిన మునులకు సేవ చేసి, వాళ్ళ నోట హరికథ విని తాను ఎలా మారాడో తన కథే చెప్పాడు. చెప్పి, వీణ వాయించుకుంటూ వెళ్ళిపోయాడు. ఏం రాయాలో ఒక్కొక్క మాటా చెప్పి రాయించలేదు. శిష్యుడి పని శిష్యుడికే వదిలాడు.

వ్యాసుడు సరస్వతి పడమటి ఒడ్డున, శమ్యాప్రాసమనే తన ఆశ్రమంలో, రేగు చెట్ల నడుమ మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ నీటిని స్పృశించాడు. దిగులుతో కూర్చున్ననాడు వాడిన "ఉపస్పృశ్య" అన్న మాటే ఇక్కడా ఉంది. అదే నది, అవే నీళ్ళు. స్ఫూర్తి కలిగిన రోజు, కలగని రోజు ఆ చేయి ఒకేలా నీటిలోకి వంగింది. ఏమీ తోచని ఉదయాల్లో కూడా నేను నోటుపుస్తకం తెరిచి కూర్చోవడం ఆ మాట చూశాకే మొదలైంది.

ఆ భాగవతాన్ని తెలుగు చేసిన పోతన పద్యం మనందరికీ నోటికి వచ్చు.

పలికెడిది భాగవతమట
పలికించెడివాడు రామభద్రుండట నే
పలికిన భవహర మగునట
పలికెద వేఱొండు గాథ పలుకగ నేలా

ఇందులో మూడు "అట"లు ఉన్నాయి. చెప్పేది భాగవతమట, చెప్పించేది రాముడట, చెబితే భవం, అంటే సంసార బంధం, తొలగిపోతుందట. విషయం, ప్రేరణ, ఫలం, మూడింటినీ విన్న మాటలుగానే చెప్పాడు, వేటినీ తనవని అనలేదు. "అట" లేని క్రియ ఒక్కటే, "పలికెద". కవి తన వంతుగా ఉంచుకున్నది ఆ పూనిక మాత్రమే.

ఇక మొదటి శ్లోకంలోని "అనుక్రమ్య". అను అంటే వెంట, క్రమ్ అంటే అడుగు వేయడం. తాను రాసిన దాని వెంటే తాను మళ్ళీ అడుగులో అడుగు వేస్తూ నడవడం. ఒకసారి నా కొత్త కథ తరగతిలో చదివి వినిపించాను. తాత, మనవడు, నది ఒడ్డున పడవ. "పడవ కదిలింది. అతను చూస్తూ ఉండిపోయాడు" అన్నచోట చివరి వరుసలోని అమ్మాయి చేయి ఎత్తింది. "టీచర్, అతను అంటే తాతా, మనవడా?" నా మనసులో బొమ్మ ఉంది కనుక నాకు ఆ సందేహం రాలేదు. ఆ అమ్మాయికి అందింది నా మాట ఒక్కటే. పెన్సిల్ తీసి "అతను" కొట్టేసి "మనవడు" అని రాయబోయాను, చేయి ఆగింది. ఆ దుఃఖం ఎవరిదో నేనే తేల్చుకోలేదు. కథంతా మళ్ళీ రాశాను. తరగతి నా రాతకు అడ్డం అనుకున్న నాకు, ఆ అనుక్రమణ జరిగింది తరగతిలోనే.

వ్యాసుడు శుకుడి చేత చదివించాడన్నప్పుడు, సూతుడి నోట ఈ కథ వింటున్న శౌనక మునికీ ఒక సందేహం వచ్చింది. శుకుడు దేని మీదా ఆశ లేనివాడు, తనలో తానే ఆనందించే ఆత్మారాముడు, ఇంత పెద్ద సంహితను ఎందుకు నేర్చుకున్నాడని. హరి గుణాలు అలాంటివారి మనసునూ లాగుతాయని సూతుడి జవాబు. పాఠంలో ఆ గుణం ఉంటే పిల్లలు పాఠం వెంట వస్తారు. టీచర్ చేయవలసింది అడ్డు రాకుండా ఉండడం.

గంగ ఒడ్డున ఏడు రోజుల ఆయువు మిగిలిన పరీక్షిత్తు మహారాజు చుట్టూ మునులు చేరారు. పదహారేళ్ళ శుకుడు నడిచి వచ్చాడు. మునులు తమ ఆసనాల మీది నుంచి లేచి నిలబడ్డారు. అక్కడికి వచ్చినవారి పేర్లలో ద్వైపాయనుడి, అంటే వ్యాసుడి, పేరు ఉంది. ఆ వెంటనే నారదుడి పేరు ఉంది. శుకుడు ఆసనం మీద కూర్చున్నాడు, రాజు ప్రశ్న అడిగాడు.