మూతపడిన బ్రాండు కారు కొన్నాను: డాట్సన్ గోతో నా అనుభవం

డాట్సన్ కొన్నానంటే ఎదుటివాళ్ల మొదటి మాట ఒకటే. "ఆ బండి ఎత్తేశారు కదండీ, సామాన్లు దొరుకుతాయా?" సగం దొరుకుతాయి. ఏ సగమో తెలుసుకుని కొంటే ఇది చవక బేరం. తెలియకుండా కొంటే నెలల తరబడి షెడ్డులో నిలబడే బేరం. నాది 2019 తయారీ గో, 1.2 లీటర్ పెట్రోల్, మామూలు గేర్ల బండి. హైదరాబాద్‌లో టీఎస్ నంబరుతో ఉన్నదాన్ని కొని ఆంధ్రప్రదేశ్‌కు మార్పించుకున్నాను. ఏమేం చూసి కొన్నానో, కాగితాల పని ఎలా నడిచిందో, తర్వాత ఏం పట్టిందో రాస్తున్నాను.

ముందు బ్రాండు సంగతి కొంచెం. సామాన్ల ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. 1914లో టోక్యోలో మసుజిరో హషిమొతో అనే ఇంజనీరు తన కారుకు పెట్టుబడి పెట్టిన ముగ్గురు, దెన్, అయోయామా, తకెయుచి, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపి డాట్ అని పెట్టాడు. 1931లో అదే సంస్థ చిన్న కారు చేస్తే డాట్‌కు కొడుకు అన్న అర్థంలో ఇంగ్లిష్ 'సన్' చేర్చి డాట్సన్ అన్నారు. ఆ తోకను జపనీయులు 'సోన్' అని పలికితే నష్టం అనే అర్థం వస్తుంది. అమ్మకముందే నష్టమేమిటని కొద్దికాలానికే స్పెల్లింగు మార్చి కొడుకును సూర్యుణ్ణి చేశారు. తర్వాత అది నిస్సాన్ చేతికొచ్చింది. 1970ల్లో అమెరికాలో 240 జెడ్ స్పోర్ట్స్ కారు లాంటి బళ్లతో పేరు మోగింది. 1981లో ఇక అన్నీ నిస్సాన్ పేరుతోనే అని ప్రకటించి, 1986 నాటికి డాట్సన్ పేరును పూర్తిగా తీసేశారు.

2012లో ఆ పేరును మళ్లీ లేపింది మనలాంటి దేశాల కోసమే: ఇండియా, ఇండోనేషియా, రష్యా, ఆపైన దక్షిణాఫ్రికా. 2014 మార్చిలో గో ఇక్కడ అమ్మకానికి వచ్చినప్పుడు ఢిల్లీ షోరూం ధర 3.12 లక్షలు. 2015లో గో ప్లస్, 2016 జూన్‌లో 2.38 లక్షల నుంచి రెడీ గో వచ్చాయి. చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో తయారయ్యేవి. 2022 ఏప్రిల్‌లో దుకాణం కట్టేశారు.

పేరు పోయినా లోపలి సరుకు పోలేదు. గో కింద ఉన్నది నిస్సాన్ మైక్రా ప్లాట్‌ఫామే, అంటే అడుగు చట్రమే. ఇంజను కూడా మైక్రా పెట్రోల్‌లో ఉన్న 1198 సీసీ మూడు సిలిండర్లదే, టైమింగ్ చైన్‌తో. రెడీ గో సంగతి వేరు, దానికీ రెనో క్విడ్‌కూ ప్లాట్‌ఫామ్, ఇంజను ఒకటే. అందుకే ఫిల్టర్లు, ప్లగ్గులు, కాయిల్, సెన్సార్లు లాంటి ఇంజను సామాన్లు అడిగేటప్పుడు డాట్సన్ పేరు ఎత్తకుండా గో అయితే మైక్రా పెట్రోల్, రెడీ గో అయితే క్విడ్ అని చెప్పి, పాత పార్టు చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకోవాలి. డాట్సన్ అనగానే "లేదండీ" అనే షాపతనే మైక్రా అనగానే పైఅర మీదనుంచి తీసిస్తాడు. దొరకని సగం బాడీ సామాను: హెడ్‌లైటు, వెనక లైటు, బంపరు, ఫెండరు, డోరు అద్దం. ఇవి మైక్రావి సరిపోవు. నిస్సాన్ సర్వీసులో ఛాసిస్ నంబరు ఇచ్చి ఆర్డరు పెట్టాల్సిందే. కాబట్టి కొనేటప్పుడు ఇంజను మీద ఎంత దృష్టి పెడతామో, పగిలిన లైటు మీద అంతకన్నా ఎక్కువ పెట్టాలి. మామూలుగా అందరూ చేసేది దీనికి తలకిందులు.

ఏ ఏడాది బండి అన్నది ఇంకా పెద్ద విషయం. 2014 నవంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గోను ఢీకొట్టించి చూస్తే పెద్దల రక్షణకు సున్నా స్టార్లు వచ్చాయి. అందులో ఎయిర్‌బ్యాగులు లేవన్నది సగం కథే. బాడీ షెల్లే నిలకడగా లేదు, ఎయిర్‌బ్యాగులు బిగించినా పెద్దగా ఫలితం ఉండదని వాళ్లు తేల్చారు. ఆ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ, నిస్సాన్ అధిపతి కార్లోస్ ఘోన్‌కు ఉత్తరం రాసి అమ్మకాలు ఆపమన్నాడు. 2018 అక్టోబరులో ముఖం మార్చిన గో వచ్చినప్పుడు రెండు ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ అన్ని రకాలకూ ఇచ్చారు. చక్రాలు 13 నుంచి 14 అంగుళాలకు పెరిగాయి. అంతకుముందు బండి యాభై వేలు తక్కువకు వచ్చినా నేను వద్దన్నాను. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ 2019 ఉంటే చాలదు, తయారీ నెల చూడాలి. పాత స్టాకును కొత్త ఏడాదిలో రిజిస్టర్ చేసిన బళ్లు ఉంటాయి. స్టీరింగ్ మీదా, పక్కసీటు ముందర డ్యాష్‌బోర్డు మీదా రెండుచోట్లా ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందో, ఎవరో పీకేశారో అని అనుమానించాలి. ఇన్ని చూసుకున్నా హైవే మీద నేను ఎనభై దాటించను.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లబడ్డాకే చూస్తానని చెప్పి పక్కన కూర్చోవాలి. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు దాటి టైమింగ్ చైన్ గొలుసు చప్పుడు వస్తుంటే ఆయిలు సరిగా మార్చని బండి. మూడు సిలిండర్లు కాబట్టి ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను నడుస్తున్నప్పుడు, కొంచెం వణుకు సహజమే. సీటు, స్టీరింగ్, వెనకద్దం అన్నీ వణికితే మాత్రం ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, ఫౌండేషన్లు, పోయినట్టు. పరీక్ష తేలిక. బానెట్ ఎత్తి ఉంచి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి ఫస్ట్ గేరులో క్లచ్చి కొద్దిగా వదిలితే, రివర్స్‌లోనూ అలాగే చేస్తే, ఇంజను ఎంత ఎగిరిపడుతుందో తెలిసిపోతుంది. ఆ సమయంలో బండికి ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు.

క్లచ్చికి: నాలుగో గేరులో నలభై మీద పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చి అయిపోయింది. స్పీడ్ బ్రేకర్ మీద ఒక్క చక్రమే ఎక్కేలా ఏటవాలుగా పోనిస్తే టక్ టక్ మని సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో పలుకుతుంది. అది పెద్ద ఖర్చేం కాదు, బేరమాడటానికి పనికొస్తుంది.

హైదరాబాద్ బండైతే 2020 అక్టోబరు వరదను గుర్తుపెట్టుకోవాలి. విజయవాడ బండైతే 2024 సెప్టెంబరు బుడమేరు. నీళ్లలో మునిగిన బళ్లను కడిగి, పాలిష్ చేసి, వేరే ఊళ్లో అమ్ముతారు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపల చుట్టుకున్న భాగం మీద బురద గీత దాక్కుంటుంది. స్టెప్నీ గుంత, సీటు పట్టాల బోల్టులు, ఫ్యూజుల పెట్టె వెనక తుప్పు చూడాలి. కార్పెట్ అంచు ఎత్తి వాసన చూస్తే చాలావరకు తేలిపోతుంది. నేను చూసిన నాలుగు బళ్లలో ఒకటి ఇక్కడే పోయింది. పైన కొత్త సీటు కవర్లు, కింద పట్టాలు ఎర్రగా.

ఇక కాగితాలు. వేరే రాష్ట్రం బండికి సంతకాలు పెట్టించుకుని డబ్బు చేతిలో పెట్టేస్తే పని అయినట్టు కాదు, అప్పుడే మొదలైనట్టు. అమ్మేవాళ్ల పేరు మీద ఫారం 28తో పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి. దానికి ముందు మూడు తేలాలి. ఈ-చలాన్లు ఒక్కటీ బాకీ ఉండకూడదు. ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35తో ఆర్సీలోంచి హైపోతికేషన్ (బ్యాంకు తాకట్టు) కొట్టేయించాలి. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉన్న బళ్లు చాలా ఉంటాయి. మూడోది ఇన్సూరెన్సు, పొల్యూషన్ నడుస్తుండాలి. ఎన్‌వోసీ మీద ఏ ఊరి ఆర్టీవో పేరు రాశారో చూసుకోండి. నాకు ఇక్కడే పది రోజులు పోయాయి. మధ్యలో ఉన్న ఏజెంటు మా ఊరి ఆఫీసుకు బదులు జిల్లా కేంద్రం పేరు పెట్టాడు, మళ్లీ మార్పించాల్సి వచ్చింది. మీ ఆధార్ చిరునామా ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ముందే కనుక్కుని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇటువైపు వచ్చాక ఫారం 29, 30 యజమాని మార్పుకు, ఫారం 27 కొత్త నంబరుకు. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసి అంటించాలి. నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అచ్చు పడుతుంది. ముందు ఆ చోటు గుడ్డతో తుడవకపోతే జిడ్డు పట్టి సగం అంకెలే వస్తాయి. దొంగబండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) పోర్టల్ నుంచి తీసిన పత్రం, ఇద్దరి ఆధార్, పాన్ కాపీలు జత చేయాలి. చట్టం ప్రకారం వేరే రాష్ట్రానికి అమ్మినప్పుడు ఆ సంగతి ఆర్టీవోకు తెలపడానికి అమ్మినవాళ్లకు 45 రోజుల గడువు, కొన్నవాళ్లకు 30 రోజులు. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి తిప్పకూడదు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గుతుంది. ధర మాట్లాడేటప్పుడే ఈ లెక్క వేసుకోకపోతే హైదరాబాద్‌లో చవగ్గా వచ్చిందనుకున్న బండి ఇక్కడికొచ్చేసరికి సమానమైపోతుంది.

చాలామంది మరిచిపోయేది ఇన్సూరెన్సు. బండి అమ్మకంతో థర్డ్ పార్టీ భాగం దానంతటదే కొత్త యజమానికి వస్తుంది. మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం రాదు. పద్నాలుగు రోజుల్లోపు పాలసీ పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. క్లెయిము పెట్టని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, మనిషిది, బండిది కాదు. పాతాయనకు యాభై శాతం తగ్గింపు ఉన్నా మీకు రాదు, ఆ తేడా కట్టించుకుంటారు. డాట్సన్‌కు ఇది ఇంకా ముఖ్యం. బాడీ సామాను కోసం షెడ్డులో వారాలు నిలబడే బండి కాబట్టి క్లెయిము కాగితాలు ముందే శుభ్రంగా ఉండాలి.

కొన్నాక వచ్చిన అసలు తలనొప్పి ఐడిల్. సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం పైకీ కిందకీ ఊగడం, ఏసీ వేస్తే ఆగిపోవడం. ఇంజనుకు గాలి ఎంత వెళ్లాలో రెక్కతో అదుపు చేసే త్రాటిల్ బాడీలో కార్బన్ పట్టింది. గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి, పది నంబరు పానాతో బోల్టులు విప్పి, గుడ్డకు క్లీనర్ కొట్టి తుడిచారు. రెక్కను వేలితో తోయకూడదు, లోపలి మోటారు పళ్లు దెబ్బతింటాయి. తుడిచాక ఐడిల్ పన్నెండు వందల దగ్గరే నిలిచిపోయింది. మెకానిక్ సెన్సార్ మార్చాలన్నాడు. అక్కర్లేదు. కార్బన్ ఉన్నప్పుడు రెక్క ఎంత తెరవాలో కంప్యూటర్ నేర్చుకుని ఉంటుంది. కార్బన్ పోయాక అదే లెక్కతో తెరిస్తే గాలి ఎక్కువవుతుంది. నిస్సాన్ బళ్లకు మళ్లీ నేర్పించాలి. పెడల్ మీద కాలు పెట్టకుండా తాళం ఆన్ చేసి రెండు సెకన్లు, ఆఫ్ చేసి పది సెకన్లు, ఇలా రెండుసార్లు. ఆఫ్ చేసిన ఆ పది సెకన్లలో బానెట్ దగ్గర చెవి పెడితే రెక్క కదిలి సర్దుకునే చిన్న కిర్రుమనే శబ్దం వినిపిస్తుంది. వినిపించకపోతే మళ్లీ చేయాలి. అప్పటికీ దిగకపోతే ఇంజను బాగా వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి, స్కానర్‌తో ఐడిల్ ఎయిర్ వాల్యూమ్ లెర్నింగ్ చేయిస్తారు. నా బండికి అది చేశాకే దారికొచ్చింది. బ్యాటరీ మార్చాక ఐడిల్ పెరిగినా మందు ఇదే. సెన్సార్ కొనేముందు ఇది అడగండి.

మిగతా నిర్వహణ చప్పగా నడిచిపోతోంది. ఆయిలు 5డబ్ల్యూ30, ఫిల్టరుతో కలిపి మూడు లీటర్ల చుట్టూ పడుతుంది. డబ్బా మొత్తం ఒంపేయకుండా గేజి కడ్డీ చూస్తూ పోయించుకోండి. టైర్లు 165/70 ఆర్14, వాగన్ ఆర్‌కు వాడే సైజే కాబట్టి ఎక్కడైనా దొరుకుతాయి. వెనక లైటు ఒకటి పార్కింగులో పగిలితే ఆర్డరు పెట్టిన ఐదో వారం వచ్చింది. రెండోవైపుది కూడా అప్పుడే తెప్పించి, పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టాను.