ముప్ఫై ఏళ్ళు రెండొందల పది

ప్రతి నెలాఖరుకీ మా అమ్మాయి క్లాసు టీచరు దగ్గర్నించి ఈమెయిల్ వస్తుంది. వచ్చే నెలలో పిల్లలు ఏమేం నేర్చుకుంటారో అందులో ఉంటుంది. మేముండేది న్యూజెర్సీలో, పిల్ల నాలుగో తరగతి. నవంబర్‌కి రాసినవి ఇవీ: రెండంకెల సంఖ్యల గుణకారం, ఒక అభిప్రాయం చెప్పి దానికి కారణాలు రాయడం, ఈ నేల మీద మొదట బతికిన లెనాపే ప్రజల గురించి పాఠం. నెల మొదట్లో టీచర్ల మహాసభ కాబట్టి గురు, శుక్రవారాలు బడి ఉండదని కూడా గుర్తుచేశారు.

నేను తెనాలిలో పెరిగినదాన్ని. పాఠం ముందే తెలిస్తే ఊరుకుంటానా? ఆ నాలుగు రోజుల సెలవుల్లో గుణకారం మొత్తం నేర్పేశాను. 48ని 6తో గుణించాలి. "ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది, ఎనిమిదేసి నాలుగు పైన పెట్టు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, పైన నాలుగు కలుపు, ఇరవై ఎనిమిది." 288. అరనిమిషం పట్టలేదు. నాకైతే భలే గర్వంగా అనిపించింది.

తరవాతి వారం పేపరు వెనక్కొచ్చింది. జవాబులన్నీ కరెక్టే. కానీ ఎలా చేసిందో కనిపించడం లేదు, పెట్టె గీసి చూపించమని కింద రాసి ఉంది. పెట్టె అంటే, 48ని 40, 8గా విడగొట్టి రెండు గళ్ళలో రాయాలి. ఒక గడిలో 240, ఇంకో గడిలో 48. రెండూ కూడాలి. ఇంత చిన్న లెక్కకి ఇంత బొమ్మా అని చిరాకేసింది. తీరా చూస్తే, ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్పే న్యూజెర్సీ ప్రమాణాల ప్రకారం (2010లో తీసుకున్న కామన్ కోర్ నుంచి వచ్చినవే ఇవి) నేను నేర్పిన పద్ధతి అయిదో తరగతిలో వస్తుందట. మన పొడుగు భాగహారమైతే ఆరులో. ఎవరూ అడక్కుండానే ఏడాది ముందుకెళ్ళి కూర్చున్నానన్నమాట.

"నీ మ్యాథ్ వద్దమ్మా" అంది పిల్ల. తిండి దగ్గరా, బట్టల దగ్గరా, తెలుగు దగ్గరా ఆ మాట వస్తుందని ఎప్పట్నుంచో సిద్ధంగానే ఉన్నాను. లెక్కల్లో కూడా నీదీ నాదీ ఉంటుందని అనుకోలేదు. రెండు రోజులు ముభావంగా తిరిగాను (నాకూ పదేళ్ళే అన్నట్టు).

ఆదివారం రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాం. అక్కడ కార్తీక సోమవారం పొద్దున. గుడికి వెళ్ళొచ్చి కొబ్బరికాయల కొట్టతన్ని తిట్టుకుంటోంది. "కాయ ముప్ఫై ఆరటే! ఏడు కాయలు తీసుకున్నా. ముప్ఫై ఏళ్ళు రెండొందల పది, ఆరేళ్ళు నలభై రెండు, వెరసి రెండొందల యాభై రెండు. వాడేమో రెండొందల అరవై అంటాడు!"

"ముప్ఫై ఏళ్ళు ఎవరికి?" అంది పిల్ల.

నవ్వాపుకుని, ఇక్కడ ఏళ్ళంటే వయసు కాదు, ఏడులని చెప్పాను. అది ఒక్క క్షణం ఆలోచించి లోపలికి పరిగెత్తింది. నోటుబుక్కులో పెట్టె గీసి, పైన 30, 6, పక్కన 7, గళ్ళలో 210, 42 రాసి ఫోన్‌కి అడ్డంగా పెట్టింది.

"ఏమిటే అది, తొక్కుడుబిళ్ళా?" అంది అమ్మ.

"నువ్వు చేసిందే అమ్మమ్మా! ఇంకోటి చెప్పు."

అమ్మ పెన్సిలు ముట్టుకోకుండా జీవితమంతా పాలవాడి లెక్కా, పచారీ లెక్కా ఇలాగే విడగొట్టి వేసింది. నేను ఆ పక్కనే కూర్చుని పైన నాలుగు పెట్టడం బళ్ళో నేర్చుకున్నాను. ఇది నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు.

"అరటిపళ్ళు డజను అరవై అయిదు. మూడు డజన్లు ఎంత?"

పిల్ల గళ్ళు గీసింది. "వన్ నైంటీ ఫైవ్!"

"తెలుగులో చెప్పు."

అది నా వంక చూసింది. నోటి దాకా వచ్చింది కానీ నేను అందించలేదు.

"నూట..." అని ఆగింది. అటు అమ్మ కూడా ఏం మాట్లాడకుండా చూస్తోంది.