మత్తు డాక్టరు కులం ఎందుకు అడిగినట్టు?

పోయినేడాది మా మావయ్యకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు వచ్చి బీపీ, షుగరు, కట్టుడు పళ్ళు ఉన్నాయా అని అన్నీ అడిగి, చివర్లో "మీరు వైశ్యులాండీ?" అన్నారు. అత్తయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "ఆపరేషన్‌కి కూడా కులం కావాలా బాబూ?" అని ముఖమ్మీదే అడిగేసింది.

ఆయన ఓపిగ్గానే చెప్పారు. గొంతులోకి గొట్టం వేసే ముందు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా అది కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము మా కోమట్లలో కొందరికి ఒంట్లో ఉండదట, అలాంటివాళ్ళు గంటలకొద్దీ కదల్లేరు, సొంతంగా ఊపిరి కూడా తీసుకోలేరు. అందుకని వేరే మందు వాడతానన్నారు.

మాకే ఎందుకొచ్చింది ఇది? రాత్రంతా ఆస్పత్రి కుర్చీలో కూర్చుని ఫోన్‌లో వెతికితే, జవాబు మన హైదరాబాద్ హబ్సిగూడలోనే దొరికింది, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో. అక్కడ కుమారస్వామి తంగరాజ్ అనే జన్యుశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చేసింది ఒక రకంగా చరిత్రకారుడి పనే, కాకపోతే శాసనాల బదులు రక్తం, ఎముకలు.

ఆయన పనుల్లో నాకు బాగా నచ్చింది గోవా ఎముక కథ. జార్జియా రాణి కెటెవాన్‌ని 1624లో పర్షియా రాజు షా అబ్బాస్ చంపించాడు. మతం మారనన్నందుకు. ఆమె అవశేషాల్ని అగస్టీనియన్ సన్యాసులు గోవాకి తెచ్చారని పాత పత్రాల్లో ఉంది. పాత గోవాలో శిథిలమైన ఆ మఠంలో పురావస్తు శాఖకి ఒక చేతి ఎముక దొరికింది. ఆమెదేనా? పాత డీఎన్ఏ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది, పైగా ముట్టుకున్నవాడి చెమటో ఉమ్మో అంటితే చదివేది రాణిని కాదు, మన ల్యాబ్ కుర్రాణ్ణి. అన్ని జాగ్రత్తలూ పడి తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చదివితే యూ1బీ అనే రకం వచ్చింది. ఇక్కడివాళ్ళ ఇరవై రెండు వేలకి పైగా నమూనాల్లో ఆ రకం ఒక్కటీ లేదు, జార్జియావాళ్ళలో మాత్రం ఉంది. రాణి అని డీఎన్ఏ పేరు పెట్టి చెప్పదు లెండి, కానీ పత్రాలతో కలిపి చూస్తే ఇంకెవరవుతారు? 2021లో ఆ ఎముకని మన ప్రభుత్వం జార్జియాకి ఇచ్చేసింది.

మా సంగతికొస్తే, 2009లో సీసీఎంబీకే చెందిన లాల్జీ సింగ్, హార్వర్డ్ జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్‌లతో కలిసి తంగరాజ్ వాళ్ళు 25 సమూహాలకి చెందిన 132 మంది డీఎన్ఏ చూశారు. అందులో వైశ్యులూ ఉన్నారు. వంద తరాలకి పైగా వెనక, కొద్దిమందితో మొదలై, ఆ తర్వాత బయటివాళ్ళని దాదాపు కలుపుకోకుండా వచ్చామని తేలింది. ఆ కొద్దిమందిలో ఎవరికో ఉన్న లోపం బయటికి పోయే దారి లేక మాలోనే తిరుగుతోంది. 102 గోత్రాలు, గోత్రం కలవకుండా ఎంత జాగ్రత్తపడినా తిరిగి తిరిగి అదే గుంపు, పైన మేనరికాలు. కులం ఇంత బిగుసుకుపోయింది తెల్లవాళ్ళ జనాభా లెక్కల వల్లేనని నేను కాలేజీ రోజుల్లో తెగ వాదించేవాణ్ణి. ఇప్పుడు నోరెత్తలేను.

మావయ్య ఆపరేషన్ ఏ గొడవా లేకుండా అయిపోయింది. ఇప్పుడు చుట్టాల్లో ఎవరికి ఆపరేషనన్నా అత్తయ్య ముందు ఫోన్ చేసి, "మత్తు డాక్టరుకి మనం కోమట్లమని చెప్పారా లేదా?" అని గదమాయిస్తోంది.